మామయ్య తిప్పిన కొమ్ములు

మామయ్యకు యాంటెన్నా తిప్పడం వచ్చు అనడం చాలా తక్కువ మాట. టీవీలు మేడమీది యాంటెన్నాలతో నడిచిన రోజుల్లో ఆ వీధి మొత్తానికీ బొమ్మ తెప్పించింది ఆయనే. పైన గొట్టం పట్టుకుని తిప్పుతూ "వచ్చిందా?" అని అరిచేవారు. కింద కిటికీలోంచి అత్తయ్య "వచ్చింది, వచ్చింది... అయ్యో, పోయింది!" అని అరిచేది. మీ కాపురంలో సగం మాటలు అవేనని కోడలు ఇప్పటికీ వాళ్ళను ఆటపట్టిస్తుంది.

అందుకే ఇంట్లోకి రెండు కొమ్ముల వైఫై డబ్బా వచ్చిన రోజునే దాని బాధ్యత ఆయన నెత్తిన వేసుకున్నారు. డబ్బా హాల్లో అలమర మీద స్టీలు డబ్బాల పక్కన, కోడలి గది నడవా చివర. ఇంకేముంది, రెండు కొమ్ములనూ పడుకోబెట్టి, కొసలు ఆ గది వైపు తిప్పారు. ఒక కన్ను మూసి గురిచూసి మరీ సరిచేశారు. "సూటిగా నీ గదిలోకే కొట్టేలా పెట్టానమ్మా" అన్నారు.

కోడలు చేరబోయేది చేతులతో మాట్లాడే పని. చెవులు వినపడనివాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన చెప్పేది వీడియోలో సైగభాషలోకి మార్చి చెప్పాలి. ఒకరి జబ్బు సంగతి ఇంకొకరి చెవిన పడకూడదు కాబట్టి తలుపు వేసుకునే చెయ్యాలి. మధ్యలో బొమ్మ ఆగిందంటే చెయ్యి గాల్లోనే ఉండిపోతుంది, మందు పొద్దున వేసుకోవాలో రాత్రి వేసుకోవాలో తేలదు. పని ఇవ్వడానికి పరీక్ష పెట్టే ఆవిడకూ చెవులు వినపడవు. ఆవిడ ముందు అప్పటికే రెండుసార్లు బొమ్మ ఆగింది. "ఈసారీ ఆగితే వేరేవాళ్ళను చూసుకుంటామండీ" అని మర్యాదగానే రాసి పంపింది. ఆ ఆఖరి పరీక్ష ఈ మధ్యాహ్నమే. ఆ భాష నేర్చుకోవడానికి కోడలు ఎంత కష్టపడిందో మామయ్య కళ్ళారా చూశారు. పొద్దున్నుంచీ ఆయనకు కాలు నిలవడం లేదు.

భోజనానికి ముందు కోడలు ఒక స్నేహితురాలితో వీడియో కలిపి చూసుకుంది.

"మామయ్యా, ఇవాళ బొమ్మ చాలా బాగుంది!" అని గదిలోంచి కేకేసింది.

"ఉండమ్మా, ఇంకాస్త బాగా వచ్చేలా చేస్తా" అంటూ ఆయన హుషారుగా హాల్లోకి వెళ్ళారు. తీరా చూస్తే కొమ్ములు రెండూ నిటారుగా నిలబడి ఉన్నాయి.

"మళ్ళీ ఎవరు ముట్టుకున్నారు దీన్ని?" అని ఒంటికాలి మీద లేచారు.

"నేనే. దుమ్ము తుడవద్దా?" అంది అత్తయ్య. "నేను రోజూ తుడిచి నిలబెడతాను, మీరు రోజూ పడుకోబెడతారు. చూడ్డానికి ఎంత వికారంగా ఉంటుందో!"

"అలంకారానికి పెట్టింది కాదే అది!" అని విసుక్కుంటూ ఆయన కొసలను మళ్ళీ గది వైపు గురిపెట్టారు.

"అయ్యో, పోయింది!" అంది లోపలినుంచి కోడలు.

అత్తయ్య తుడుపుగుడ్డ భుజాన వేసుకుని, కొమ్ములు నిలబెట్టింది.

"వచ్చింది!"

మామయ్య పంతంగా మళ్ళీ వంచారు.

"పోయింది! ఏం చేస్తున్నారు మీరిద్దరూ?" అంటూ కోడలు బయటికే వచ్చేసింది. కొమ్ములను చూడగానే ఆమెకు సంగతి అర్థమైంది. "మామయ్యా, మేడమీది యాంటెన్నా ఒక వైపు చూసి పట్టుకునేది కదా. ఇది అలా కాదు. నిలబెడితే పక్కలకు, చుట్టూరా పంచుతుంది. కొస ఎటు చూస్తుందో అటే తక్కువ పోతుంది. నేనూ పట్టించుకోలేదు, మీరు చూసుకుంటున్నారు కదా అని."

మామయ్యకు గాలి తీసేసినట్టయింది. కుర్చీలో కూలబడ్డారు. "అంటే ఆ రెండుసార్లూ నీ పని చెడగొట్టింది నేనేనా?" వీధి మొత్తానికీ బొమ్మ తెప్పించిన మనిషి, సొంత కోడలి బొమ్మ ఆపేశారు. ఆయనకు నిజంగానే సిగ్గేసింది.

"గురి మాత్రం తప్పలేదులెండి" అంది అత్తయ్య. అంటూనే మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చింది.

"బాధపడటానికి తర్వాత బోలెడంత టైముంది మామయ్యా" అంది కోడలు. "ముందు ఆ స్టీలు డబ్బాలు పక్కనుంచి తీసేసి, దీన్ని అలమర అంచుకి జరపండి. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోకుండా కాపలా కాయండి."

మధ్యాహ్నం గది తలుపు మూసుకుంది. మామయ్య అలమర ఎదురుగా కూర్చున్నారు. చేతులు ఊరుకోవడం లేదని వాటిని తొడల కింద పెట్టుకున్నారు. ఎంతసేపటికీ లోపలినుంచి ఏ చప్పుడూ లేదు. అది చేతులతో పెట్టే పరీక్ష అని తెలిసినా ఆయన తలుపు వైపే చెవి పెట్టారు. చివరికి తలుపు కిర్రుమనగానే, కాపలా అత్తయ్యకు అప్పగించి నడవాలోకి పరుగెత్తారు.

తెరమీద ఆవిడ ఇంకా ఉంది. మాట్లాడితే ఏం ముంచుకొస్తుందోనని మామయ్య గడపలోనే ఆగి, పాత అలవాటు కొద్దీ గాల్లో గొట్టం తిప్పినట్టు చెయ్యి తిప్పి, ఏమైందన్నట్టు కనుబొమ్మలు ఎగరేశారు. అది చూసి తెరమీది ఆవిడ ఏదో అడిగింది. కోడలు చేతులు చకచకా ఆడిస్తూ కథంతా చెప్పింది. ఆవిడ పగలబడి నవ్వి, ఆయన వంకే చూస్తూ చేతులు కదిపింది.

"ఏమంటోందమ్మా?" అన్నారు మామయ్య గుసగుసగా.

"ఒక్కసారి కూడా ఆగలేదట. సోమవారం నుంచి పనిలోకి రమ్మంది. డబ్బాని మాత్రం ఇంకెవరూ తిప్పొద్దంది."

హాల్లోంచి అత్తయ్య గట్టిగా అరిచింది. "ఏమండీ, వచ్చిందా?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆ ప్రశ్నకు ఆయన జవాబు చెప్పాల్సి రావడం అదే మొదటిసారి. పక్కింటికి కూడా వినపడేలా అరిచారు.

"వచ్చిందే!"