నెల తిరక్కుండా మొదటి పేజీ

ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకూ, పాదాలు వంకర తిరిగినవాళ్ళకూ కొలత తీసి చెప్పులు కుట్టే దుకాణం అది. కుట్టేది భార్య. ఫోన్లు ఎత్తడం, తోలు తెప్పించడం, పైసా పైసా చూసుకోవడం భర్త పని. ముందున్న రోడ్డు వెడల్పు చేశాక ఆ వీధిలోకి వచ్చేవాళ్ళే తగ్గిపోయారు. “ఇప్పుడు జనం వీధుల్లో తిరగట్లేదే, ఫోన్లలో తిరుగుతున్నారు” అంటూ అతను వెబ్‌సైటు పెట్టించాడు. కొన్నాళ్ళకు అదీ కొట్టులాగే ఈగలు తోలుకోవడం మొదలుపెట్టింది.

భార్యకు పిన్ని కూతురు ఒకామె ఉంది. వెతికేవాళ్ళ కంటికి వెబ్‌సైట్లు ముందుగా కనబడేలా చేయడం ఆమె వృత్తి. ఒక ఆదివారం వచ్చి, తోలు ముక్కలు పక్కకు జరుపుకుని కూర్చుని, సైటంతా తిరగేసింది.

“ఏడాది పడుతుంది బావగారూ. నెలనెలా కొంత పక్కన పెట్టండి, మధ్యలో ఆపకుండా. మొదట్లో ఏ మార్పూ కనిపించదు. చాలామంది అక్కడే చేతులెత్తేస్తారు.”

“ఏడాదా? అప్పటిదాకా కొట్టు ఉండాలిగా!”

“ఇంకో మాట. డబ్బు ఒక్కటే ఖర్చు అనుకోకండి. వారానికి ఒక పూట అక్క మిషను ఆపి నాతో కూర్చోవాలి. ఏ కాలికి ఏం చేస్తుందో తను చెప్తే నేను రాస్తాను. ఆ పూట కుట్టుపని పోతుంది. అది కూడా బడ్జెట్లో వేసుకోండి.”

“చెప్పుల గురించి రాయడానికి ఏముందమ్మాయ్, పురాణమా?” అని అతను నవ్వాడు.

భార్య నవ్వలేదు. “నేను కూర్చుంటాలేవే” అంది చెల్లెలితో.

ఆ తర్వాతి వారమే ఒక కంపెనీ నుంచి ఫోనొచ్చింది. అవతలి మనిషి మాటలు తేనెలో ముంచి తీసినట్టున్నాయి. ఎవరు వెతికినా మొదటి పేజీలోనే మీ సైటు కనబడేలా నెల తిరక్కుండా చేస్తామన్నాడు, గ్యారంటీ అన్నాడు. డబ్బు మాత్రం ఒకేసారి కట్టాలి. మరదలు చెప్పినదంతా ఏడాదికి కూడితే ఇంచుమించు అంతే అవుతోంది. అదే డబ్బుకు నెలలో పనైపోతుంటే ఏడాది ఎందుకు ఆగాలనుకున్నాడు. దళసరి తోలు దగ్గర మొరాయిస్తున్న పాత మిషను మార్చాలని భార్య కూడబెట్టిన సొమ్ము తీసి కట్టేశాడు. ఆమెతో అనలేదు. మరదలితో “తర్వాత చూద్దాంలే” అన్నాడు.

అన్నట్టే సైటు పైకొచ్చింది. ఫోన్లు మోగాయి. అతని కాలు నేల మీద నిలవలేదు. అప్పుడు గొప్పగా భార్యకు సంగతి చెప్పాడు.

“మరి మిషను?” అందామె.

“దాని తాతలాంటిది కొనిస్తా, చూస్తూ ఉండు.”

ఒకరోజు పొద్దున్నే ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. రెండు బస్సులు మారి వచ్చామంది. పిల్ల ఎడమకాలు కాస్త పొట్టి. భార్య ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, నెమ్మదిగా నొక్కి చూసి, కొలత తీసుకుంది.

“అడుగున ఎత్తు పెట్టి కుడతానమ్మా. నడుము మీద భారం తగ్గుతుంది. నడక కొంచెం కుదురుతుంది.”

“కొంచెమేంటండీ? పూర్తిగా పోతుందని మీరే రాశారుగా!” ఆ తల్లి ఫోను చూపించింది. ‘మా చెప్పులు వేసుకోండి, మూడు నెలల్లో కుంటితనం మాయం’ అని ఉంది సైటులో.

భార్య అది చదివి భర్త వైపు చూసింది. కంపెనీవాళ్ళు సైటులో ఏం నింపారో అతను ఒక్కసారి కూడా చదివి చూడలేదు.

“ఇది నేను చెప్పిన మాట కాదమ్మా. చెప్పు వేసుకుంటే కాలు పొడుగవదు” అంది భార్య.

“అమ్మా, మరి బళ్ళో పరుగు పందెంలో నేను పరిగెత్తనా?” అని అడిగింది పిల్ల.

తల్లి వంగి పిల్లకు పాత చెప్పులే తొడిగింది. “ఎంత ఆశతో వచ్చామండీ” అని, వెనక నుంచి పిలుస్తున్నా వినిపించుకోకుండా వెళ్ళిపోయింది.

“మిషను పోతే పోయింది” అంది భార్య. “నా చేతిపనికి అబద్ధం అంటించారు. అది ఎలా కడుక్కోను?”

అతను కంపెనీకి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆ రాతలన్నీ తనే కూర్చుని తీసేశాడు. కానీ సైటు పైకెక్కడానికి వాళ్ళు ఎక్కడెక్కడో ఊరూపేరూ లేని సైట్లలో అతికించిన దొంగ లింకులు సెర్చ్ ఇంజిన్ కంటపడ్డాయి. సైటు ఎక్కినంత వేగంగా జారిపోయింది. చివరికి దుకాణం పేరు కొట్టి వెతికినా కనిపించకుండా పోయింది.

తల వంచుకుని మరదలి దగ్గరికి వెళ్ళాడు. నాలుగు తిడుతుందనుకున్నాడు. ఆమె తిట్టకుండా సైటు తెరిచి చూడసాగింది. అది ఇంకా కష్టంగా అనిపించింది.

“ముందు ఆ చెత్తంతా ఊడ్వాలి బావగారూ. దానికే కొన్ని నెలలు పోతాయి. ఏడాది లెక్క ఆ తర్వాత మొదలవుతుంది.”

“నువ్వు అప్పుడు చెప్పినదాంట్లో సగమే పెట్టగలను ఇప్పుడు.”

“సగానికి సగం పనే జరుగుతుంది. ఎక్కువ ఆశించనంటే మొదలుపెడదాం.”

వారానికి ఒక పూట అక్కచెల్లెళ్ళు కూర్చున్నారు. పొట్టి కాలికి చెప్పు ఏం చేయగలదో, ఏం చేయలేదో ముందుగా రాశారు. చాలా నెలలు చడీచప్పుడూ లేదు. తర్వాత అది చదివి ఒకరు వచ్చారు, కొన్నాళ్ళకు ఇంకొకరు. కొట్టు మూతపడలేదు, అంతే. మిషను కొనే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అతను ఆ తల్లి నంబరు వెతికి పట్టుకుని ఫోను చేశాడు. చాలాసార్లు చేశాక ఎత్తింది.

“పాపకు మేం కుట్టి ఇస్తామండీ. డబ్బులేం వద్దు.”

“వేరేచోట కుట్టించామండీ. కాలు ఒరుసుకుపోయి పుండైంది. ఇప్పుడు చెప్పు చూపిస్తేనే ఏడుస్తోంది.”

“మా ఆవిడ పని అలా ఉండదమ్మా, ఒక్కసారి...”

“వద్దండీ. దానికి మళ్ళీ ఆశ పెట్టే ధైర్యం నాకు లేదు.”

విన్నదంతా భార్యకు చెప్పాడు. “కొలతలు ఉన్నాయిగా, కుట్టి పంపిద్దామా?” అని అడిగాడు.

ఆమె మిషను ఆపింది. “ఎదిగే పిల్లండీ. ఆ కొలతలు ఇప్పుడు పట్టవు” అంది.

ఆమె కళ్ళు తుడుచుకుని, చేతిలోని తోలు సరిచేసుకుని, మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది.