గురున్సీ చేతిలో తాళంచెవి

మా ఊరి ఆడవాళ్ళ వేరుశనగ నూనె సంఘానికి గానుగ మిషను ఇవ్వాలా వద్దా అన్నది తేల్చడానికి రాజధాని వాగాడుగు నుంచి మేడం వచ్చింది. పేరు అకూవి. పొరుగు దేశంలోని లోమే మనిషి. ఈ దేశంలో ఉద్యోగానికి వచ్చి ఏడాది కాలేదు.

షరతు ఒక్కటే. కొట్టులో కాయ నిలవ ఉండాలి. ఉన్నది తినేసే సంఘాలకు మిషను ఇవ్వరు. అలాంటి సంఘాలను మేడం చాలా చూసింది.

గానుగ ఈసారి రాకపోతే పక్క ఊరికి పోతుంది. సంఘం సరుకును మూడు చక్రాల బండిలో సంతకు తోలే ఇనూసా, చేత్తో పిసికిన నూనె తన డీజిలు ఖర్చుకే చాలడం లేదనీ, మిషను రాకపోతే బంగారం తవ్వే గుంతల్లో పనికి పోతాననీ ముందే చెప్పాడు. అతను పోతే బండి కూడా పోతుంది. బండి పోతే సంఘం ఉండదు. సంఘం పెద్ద రస్మాతా ఈ మాట ఎవరితోనూ అనలేదు. వాకిలి మాత్రం ఆ రోజు రెండోసారి ఊడ్చింది.

మేడం వెంట వచ్చిన ఉద్యోగి నెబీ గురున్సీ తెగవాడు. మేం బిస్సాలం. మాకూ వాళ్ళకూ తాతల నాటి నుంచి బావామరదళ్ళ వరస. ఎదురుపడితే తిట్టుకోవాలి. తిట్టకుండా పలకరిస్తే మనసులో ఏదో పెట్టుకున్నట్టు. మమ్మల్ని తిట్టడానికి గురున్సీలకు వేరుశనగ ఉంది. కాయ కనబడితే బిస్సా కన్నతల్లిని మరిచిపోతాడంటారు. వాళ్ళను తిట్టడానికి మాకు వాళ్ళు తినే కుక్క మాంసం ఉంది.

నెబీ జీపు దిగి, వచ్చినవాళ్ళకు మర్యాదగా ఇచ్చే పిండినీళ్ళు తాగి, మూతి తుడుచుకున్నాడు.

“ఏం ముసలి మరదలా, ఇంకా బతికే ఉన్నావా? కొట్టులో కాయంతా తినేశాక పోదామనా?”

“నువ్వొస్తున్నావని ఊళ్ళో కుక్కలన్నిటినీ లోపల కట్టేయించాను బావా. భయం లేదు, కూర్చో” అంది రస్మాతా.

ఏమంటున్నారని మేడం అడిగింది. దుబాసీ పని కూడా నెబీదే. అతను నిజాయితీ గల ఉద్యోగి. ఇద్దరి మాటలూ ఉన్నవి ఉన్నట్టు ఫ్రెంచిలోకి మార్చి చెప్పాడు. కుక్కల సంగతి మేడంకు అర్థం కాలేదు. కాయ సంగతి అర్థమైంది. నిలవ సరుకు నిజంగానే తినేశారా అని అడగమంది.

నెబీ అడిగాడు. వరసైనవాడు వేసిన మాటను కాదనడం మా వైపు మర్యాద కాదు. దాని మీద ఇంకొకటి వేయాలి.

“తిన్నాం. గోనెలు కూడా ఉడకబెట్టుకున్నాం. ఉప్పే కాస్త తగ్గింది.”

ఆడవాళ్ళంతా నవ్వారు. నెబీ అదీ అనువదించాడు. మేడం నవ్వలేదు. పెన్ను మూత తీసి రాసుకుంది.

ఇనూసాకు ఫ్రెంచి వచ్చు. మేడం ఏం రాస్తోందో రస్మాతాకు వచ్చి చెప్పాడు. రస్మాతా నెబీ వైపు చూసింది. నెబీ తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఇదంతా వేళాకోళం అని అతను ఒక్క మాట అంటే సరిపోతుంది. కానీ వేసిన తిట్టును పరాయి మనిషి ముందు వెనక్కి తీసుకుంటే వరస తెంచుకున్నట్టే. తెంచుకోమని అడగడానికి రస్మాతాకు నోరు రాలేదు. 

చివరికి రస్మాతా, మాటలెందుకు, కొట్టు చూడమను అంది. మేడం లేచింది. తాళంచెవి ఏదని అడిగింది. మా దగ్గర ఉండదు, సైకిళ్ళు బాగుచేసే బయాలా దగ్గర ఉంటుందని చెప్పారు. బయాలా అరవై దాటినవాడు. ఊళ్ళో కాపురమున్న ఒకే ఒక్క గురున్సీ.

వీళ్ళు వెళ్ళేసరికి అతను పంక్చరు వేస్తున్నాడు. రస్మాతా తాళంచెవి అడిగింది.

“ఇవాళ కాదు” అన్నాడు బయాలా. కొట్టు తెరిచేది సంతకు ముందు రోజే. సంత ఎల్లుండి. కాబట్టి రేపు.

మేడం వాగాడుగు నుంచి వచ్చిందని నెబీ చెప్పాడు. దూరం నుంచే వచ్చారు పాపం అన్నాడు బయాలా, ట్యూబును నీళ్ళలో ముంచి బుడగలు చూస్తూ. గానుగ పోతుందని ఇనూసా అన్నాడు. పోతే పోతుంది అన్నాడు బయాలా.

“వేరుశనగ పురుగులు మీరంతా. రోజుకో సాకు తెస్తారు. ఇవాళ మేడంని తెచ్చారు.”

నెబీ అనువదించాడు. సంఘం పెద్దవు నువ్వు కదా, ఇమ్మని గట్టిగా చెప్పవేం అని మేడం రస్మాతాను అడిగింది.

రస్మాతా అక్కడున్న పాత టైరు మీద కూర్చుంది. మొదటి ఏడాది తాళంచెవి నా దగ్గరే ఉండేదని చెప్పింది. చెల్లెలి కూతురికి బిడ్డ పుట్టింది, పేరు పెట్టే రోజుకు ఒక గిన్నెడు కాయ అడిగింది. ఇచ్చాను. తర్వాత తాళంచెవి సంఘంలోనే ఉన్న అజారాకు ఇచ్చాం. వాళ్ళ అత్త అడిగింది. అలా వానలు మొదలయ్యేసరికి కొట్టులో ఎలుకలు కూడా లేవు.

“అయినవాళ్ళకి లేదంటే కోపాలొస్తాయి మేడం. ఇవ్వకపోతే ఇల్లు పోతుంది, ఇస్తే కొట్టు పోతుంది. ఈ కుక్కల బావ లేదన్నా, పురుగులన్నా మాకు కోపం రాకూడదు. రాదు కూడా. అందుకని ఇతని దగ్గర పెట్టాం.”

నెబీ అనువదించాడు. కుక్కలను కూడా వదల్లేదు. మేడం అతని వైపు తిరిగింది. పొద్దుటి నుంచీ నువ్వు చెప్పిందంతా నీ ఉద్యోగంలో భాగమేనా అని అడిగింది.

“ఉద్యోగం కాదు మేడం. వరస” అన్నాడు నెబీ.

మేడం ఆ రాత్రి దగ్గర్లోని గరాంగోలో ఉండి మర్నాడు మళ్ళీ వచ్చింది. బయాలా చేతులు కడుక్కుని వచ్చి తాళం తీశాడు. గోనెలు దూలం దాకా ఉన్నాయి. మేడం ఒక గోనె మీద చెయ్యి వేసి చూసింది. నిన్న రాసింది కొట్టేసింది.

ఒక చిక్కు మిగిలింది. కొట్టు తాళంచెవి సంఘ సభ్యుల దగ్గరే ఉండాలని మిషను ఇచ్చేవాళ్ళ నియమం. సభ్యులు ఆడవాళ్ళయినా అయ్యుండాలి, ఇనూసా లాంటి యువకులయినా అయ్యుండాలి. బయాలా రెండూ కాదు. తాళంచెవి మార్చండి అంది మేడం. మార్చాలంటే మాకు గానుగే వద్దు అంది రస్మాతా. ఆమె ఇలా అనడం విని ఇనూసా బండి మీద కూర్చుండిపోయాడు.

మేడం నియమాల కాగితం మడిచి, ఈయన ఏ వయసు వాడో తనకు ఎవరూ చెప్పలేదని అంది. రెండింటిలో ఎందులో చేరతాడో అడగమంది.

“ఆడదానిగా చేరు బావా. చుట్టుకునే గుడ్డ నేను పెడతా” అంది రస్మాతా.

బయాలా యువకుడిగా చేరాడు.

కోతలు అయ్యాక ఒక పొద్దున లారీలో గానుగ వచ్చింది. దించడానికి యువకులు రావాలని రస్మాతా కేకేసింది. ఇనూసా ఒక మూల పట్టుకున్నాడు. బయాలా ఇంకో మూల పట్టుకుని, ఈ ఊరివాళ్ళ తాతముత్తాతల నుంచి మొదలుపెట్టి తిడుతూ దించాడు.

మిషను ఆడుతుందో లేదో చూద్దాం, ఒక్క గోనె తియ్యమని రస్మాతా అడిగింది.

“సంత ఎప్పుడు?” అన్నాడు బయాలా నడుం పట్టుకుని.

ఎల్లుండి అంది రస్మాతా.

“అయితే రేపు.”

రస్మాతా గానుగ మీద గుడ్డ కప్పి ఇంటికి వెళ్ళింది.