రస్కుల ఓవెన్‌లో స్టీరింగు

బావమరిదికి ‘నత్త’ అని పేరు పెట్టింది బేకరీ బావే. పెళ్ళైన కొత్తలో భోజనానికి పిలిస్తే, అందరూ లేచి చేతులు కడుక్కున్నా అతనొక్కడూ ఇంకా తాపీగా తింటున్నాడని సరదాకి అన్న మాట. పేరు జిగురులా అతుక్కుపోయింది. అతను కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణానికి వచ్చేవాళ్ళు కూడా “నత్తగారు ఉన్నారా?” అనే అడుగుతారు. ఉన్నానంటాడు, అదీ కాస్త ఆగి.

అలాంటి మనిషి పందేల్లో పరుగెత్తిన కారు ఇంటికి తెచ్చాడంటే వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. రెండే సీట్లు, పైకప్పు లేదు, నేలకి జానెడెత్తులో పడుకున్నట్టుండే ముదురాకుపచ్చ స్పోర్ట్స్ కారు. తెచ్చాడంటే నడుపుకుంటూ కాదు. టైర్లలో గాలి లేదు, సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి, తాడు కట్టి లాక్కొచ్చాడు. తన ఇంట్లో స్కూటరుకే చోటు లేదు. అక్క ఇంటి పక్కన గ్యారేజీ ఉంది. “ఒక్క ఏడాది ఉంచుకోనీ బావా” అన్నాడు. బావ తలూపాడు. ఆ గ్యారేజీలో రెండో ఓవెన్ పెట్టుకోవాలని తాపీమేస్త్రీతో మాట్లాడి ఉంచుకున్నవాడు, ఆ తల ఎందుకు ఊపానా అని తర్వాత చాలా ఏళ్ళు పళ్ళు నూరుకున్నాడు.

కారు డ్రైవింగ్ టీచరమ్మది. వయసులో ఉండగా కొండదారి పందేల్లో మగవాళ్ళకి దుమ్ము తినిపించిన మనిషి. తర్వాత డ్రైవింగ్ స్కూలు పెట్టి సగం ఊరికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది. బావకీ ఆవిడే గురువు, నత్తకీ ఆవిడే. షెడ్డులో మగ్గిపోతున్న కారుని నత్త చేతిలో పెట్టి, “బాగుచేసుకో, నీదే. కానీ ఒక్కసారి ఆ కొండదారిలో నేనే నడపాలి. నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టి ఊరేగించావంటే ఊరుకోను” అంది. నత్త మాటిచ్చాడు.

అక్కణ్ణుంచి మొదలైంది జాతర. బావ తెల్లవారి బ్రెడ్లు ఓవెన్‌లోంచి తీసి, పిండి అంటిన చేతులతోనే గ్యారేజీలోకి తొంగిచూసేవాడు. నత్త ఒక మరమేకు ఊడదీసేవాడు, దాన్ని తుడిచేవాడు, వెలుతురులో చూసేవాడు, కప్పుకేకులు కాల్చే ట్రే గుంటలో పెట్టేవాడు. ఊడదీసిన వరసలోనే గుంటల్లో సర్దేవాడు. కాగితం మీద ఒక్క ముక్క రాసుకునేవాడు కాదు. ట్రేలు చూస్తే కారు ఏ అడుగున ఎలా విప్పాడో వెనక్కి చదువుకోవచ్చు. ట్రేలు మాత్రం బేకరీవే. ఒకరోజు కప్పుకేకులకి గిరాకీ వచ్చి ట్రే కనపడక బావ ఇల్లు పీకి పందిరేశాడు.

“మీ తమ్ముడు కారు బాగుచేస్తున్నాడా, దానికి సపర్యలు చేస్తున్నాడా?” అని పెళ్ళాం మీద విరుచుకుపడేవాడు.

“మీరు పిండి పులియబెడతారు కదా, దాని మీద అరిస్తే తొందరగా పొంగుతుందా?” అనేది ఆవిడ. బావ గొణుక్కుంటూ బేకరీలోకి పోయేవాడు.

మెల్లమెల్లగా బావలో మార్పొచ్చింది. అదెప్పుడొచ్చిందో అతనికీ తెలియదు. ఒకరోజు నత్త ముందు మడ్‌గార్డు మీద పలచటి గుడ్డ వేసి, కళ్ళు మూసుకుని అరచేత్తో నిమురుతున్నాడు. కళ్ళు సొట్టల్ని దాచేస్తాయట, చెయ్యి దాచదట. “నువ్వూ చూడు బావా” అన్నాడు. బావ చూశాడు. ఏళ్ళ తరబడి పిండి ముద్ద మీద చెయ్యి వేసి, ఎక్కడ గట్టిగా ఉందో ఎక్కడ మెత్తబడిందో చెప్పగల చెయ్యి అది. అరచెయ్యి లైటు దగ్గర మొదలై తలుపు దాకా ఎక్కడా ఆగకుండా జారింది. సొట్ట లేదు, గరుకు లేదు, అతుకు తెలియలేదు. బావకి ఒళ్ళు పులకరించింది. ఇంత అందమైన పని తన కప్పు కిందే జరుగుతుంటే, ఇన్నాళ్ళూ గుడ్డివాడిలా ఓవెన్ కొలతలు లెక్కేసుకున్నానే అని సిగ్గుపడ్డాడు. బయటికి మాత్రం, “ఊఁ, పర్లేదు” అన్నాడు.

ఇంజను పాడటం మొదలెట్టాక బావ ఇంకా కరిగిపోయాడు. తలుపులు ‘టక్’మని మూసుకున్నాయి, తోలు సీట్లు కుదురుకున్నాయి. ఇక మిగిలింది స్టీరింగు చక్రం. అల్యూమినియం చట్రం మీద రెండువైపులా పలచటి చెక్కపొరలు అతికించి చేసిన చక్రం అది. పాత చెక్క పుచ్చిపోతే నత్త కొత్త పొరలు తనే వంచి, అతికించి, వార్నిష్ పూశాడు. ఒక పూత, ఆరడం, సన్నగా గీకడం, మళ్ళీ పూత. తేనె రంగులో నిగనిగలాడే ఆ చక్రాన్ని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ బావే చూపించేవాడు, తనే చేసినట్టు.

ఆ సమయంలో టీచరమ్మ కబురు పంపింది. ఈ నెలాఖరుతో ఆవిడ లైసెన్సు అయిపోతుంది. కళ్ళ డాక్టరు ఈసారికి ఇక సంతకం పెట్టనన్నాడు. కొండదారి ఎక్కాలంటే ఈ నెలలోనే ఎక్కాలి.

సరిగ్గా అప్పుడే ముసురు పట్టుకుంది. వార్నిష్ ఆరదు, వేలు పెడితే వేలిముద్ర పడుతుంది. బావకి కాలు కాలిన పిల్లిలా తిరగడమే సరిపోయింది. నత్త మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు, “ఆరుతుందిలే బావా” అని కొత్త టైర్లు తేవడానికి వెళ్ళాడు.

బావ ఆగలేకపోయాడు. ఉదయం బ్రెడ్లన్నీ దించాక మంట ఆర్పేసిన ఓవెన్‌లో ఇంకా వెచ్చదనం ఉంటుంది. రస్కులు అందులోనే ఆరబెడతాడు. లోపల చెయ్యి పెట్టి చూశాడు. ఇంత చక్కటి వేడి దొరకదనుకుని, చక్రాన్ని ట్రే మీద పెట్టి, పాపాయిని పడుకోబెట్టినంత జాగ్రత్తగా లోపలికి తోశాడు. నత్త వచ్చేసరికి చక్కగా ఆరిన చక్రం చేతికిచ్చి నోరు వెళ్ళబెట్టేలా చెయ్యాలని అతని ఆశ.

వార్నిష్ ఆరింది. జిగురు కరిగింది. తలుపు తెరిచేసరికి చెక్కంతా కర్రీపఫ్‌లా పొరలు పొరలుగా విచ్చుకుని ఉంది.

బావ అక్కడే పిండి బస్తా మీద కూలబడ్డాడు. ఏళ్ళ తరబడి తొందరపెట్టాడు, ఎగతాళి చేశాడు, ఏమీ చెడలేదు. ప్రేమ పుట్టి ఒక్కసారి వేలుపెడితే సర్వనాశనమైంది. టీచరమ్మ కొండదారి కూడా తన చేతుల్లోనే కాలిపోయిందనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నత్త వచ్చాడు. చక్రం కేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఓవెన్ ఎంత వేడిగా ఉంది బావా?”

“రస్కుల వేడి.”

“రస్కులైతే బాగా వచ్చేవి” అన్నాడు నత్త.

అంతే, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. సన్నటి ఉలి తెచ్చి, విడిపోయిన చెక్కపొరల్ని ఒక్కొక్కటే ఊడదీసి, తుడిచి, వరసగా ట్రేలో పెట్టసాగాడు. పాడైన చెక్కని కూడా ఇంత మర్యాదగా చూసుకునే మనిషిని బావ ఎక్కడా చూడలేదు. తిట్టినా బాగుండేదనుకున్నాడు.

చివరికి వట్టి లోహపు చట్రం మిగిలింది. నత్త దాన్ని పట్టుకుని చూశాడు. “తిప్పడానికి ఇది చాలు. కానీ సన్నగా ఉంది. టీచరమ్మవి కీళ్ళనొప్పుల వేళ్ళు కదా, చేతిలోంచి జారుతుంది.”

బావ లేచి వెళ్ళాడు. పిండి మీద కప్పే మందపాటి నూలుగుడ్డ తెచ్చి, పొడుగ్గా పీలికలు చించి, చట్రానికి చుట్టడం మొదలెట్టాడు. జడ బ్రెడ్ అల్లే వేళ్ళు కదా, బిగువు తెలుసు. సగం చుట్టాక కళ్ళు మూసుకుని నిమిరాడు. ఒకచోట మడత మీద మడత పడింది. మొత్తం విప్పేసి మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ విప్పాడు. బేకరీలో గిరాకీలు పిలుస్తున్నా లేవలేదు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న భార్య, “ఇంట్లో ఒక్క నత్తే ఉందనుకున్నా” అని బేకరీలోకి వెళ్ళిపోయింది.

వాన వెలిసిన రోజు టీచరమ్మ వచ్చింది. లైసెన్సు ఇంకా బతికే ఉంది. కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, మడ్‌గార్డు మీద చెయ్యి వేసి తలుపు దాకా నిమిరింది. తర్వాత ఆవిడ కళ్ళు స్టీరింగు మీద పడ్డాయి.

“నా చెక్క చక్రమేది?”

“నేనేనమ్మా పాడుచేసింది. తొందరగా ఆరుతుందని ఓవెన్‌లో పెట్టాను” అన్నాడు బావ తల దించుకుని.

“నువ్వెప్పుడూ అంతే. సిగ్నల్ పడకముందే బండి కదిలించేవాడివి.” ఆవిడ బావ భుజం పట్టుకుని, నత్త చెయ్యి పట్టుకుని, మోకాళ్ళని తిట్టుకుంటూ సీట్లోకి దిగింది. వంకర్లు పోయిన వేళ్ళు చక్రం చుట్టూ మెల్లగా ముడుచుకున్నాయి. అటూ ఇటూ తిప్పి చూసింది. “చేతినిండా ఉందిరా. ఎవరు చుట్టారు?”

“బావే” అన్నాడు నత్త.

ఒక్కసారి తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. నత్త పక్క సీట్లో కూర్చున్నాడు. కారు వీధి మలుపు దాకా బుద్ధిగా వెళ్ళి, మలుపు తిరగగానే ఒక్క అరుపు అరిచింది. కొండదారి ఎక్కుతున్న ఆ చప్పుడు చాలాసేపు వినిపించి సన్నబడింది. ఊళ్ళోవాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు.

బావ గ్యారేజీలోకి వచ్చాడు. ఇన్నేళ్ళకి ఖాళీ అయింది. నేల మీద నూనె మరక, గోడవారన ట్రేలు, అంతే. ఓవెన్ ఇక్కడ, పిండి బస్తాలు అక్కడ అని ఎన్నోసార్లు మనసులో సర్దుకున్న చోటే. ఇప్పుడా ఖాళీ చూస్తే ఇంట్లోంచి మనిషి వెళ్ళిపోయినట్టుంది. చీపురు తీసుకుని నేలంతా ఊడ్చాడు. ట్రేలని కదిలించకుండా చుట్టూ ఊడ్చాడు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి ఆవిడ జుట్టంతా రేగిపోయి ఉంది. ముఖం చూస్తే పాతికేళ్ళ పిల్లలా ఉంది. ఇంజను ఆపాక కూడా చక్రం వదల్లేదు. కాసేపటికి ఒక్కో వేలూ విప్పి, “ఇక నడపను. కానీ చెక్క చక్రం చూడాలనుంది, చేస్తావా?” అంది.

“చేస్తానమ్మా” అని నత్త బావ కేసి చూశాడు, కాస్త భయంగా. “ఇంకో ఏడాది పడుతుంది బావా.”

“ఏడాదే? రెండేళ్ళు తీసుకో” అన్నాడు బావ. “బాగా ఆరనీ.”

టీచరమ్మ దిగాక నత్త స్టీరింగు ముందు కూర్చుని కారుని వెనక్కి మళ్ళించాడు. బావ గ్యారేజీలో నిలబడి, రెండు చేతులూ చాచి, “రా... రా... నెమ్మదిగా, నెమ్మదిగా” అంటూ లోపలికి పిలిచాడు.