మంచినీళ్ల చెరువుకు గండి

హజరాబీ కోడలు ఇర్ఫానాకు రెండు కాన్పులు కడుపులోనే పోయాయి. రెండోసారి బిడ్డను గుడ్డలో చుట్టి ఖబరస్తానుకు తీసుకుపోయిన ఆమె భర్త సాదిక్, తిరిగొచ్చి గుమ్మంలో కూలబడి, ఇంక ఈ ఇంట్లో పిల్లల మాట ఎత్తొద్దని తల్లికి చెప్పాడు. హజరాబీ ఎత్తలేదు. లోలోపల దర్గాకు మాత్రం మొక్కుకుంది.

వాళ్ల ఊరు మొగలిదిబ్బలో ఇలా కడుపులు పోయిన ఇళ్లు ఇంకా ఉన్నాయని మొదట గమనించింది డాక్టర్ ఏంజెలిన్. ఆమె గూడూరులో ఆసుపత్రి నడుపుతూ, వారానికొకసారి సముద్రం ఒడ్డు ఊళ్లకు వచ్చి గర్భిణీలను చూసేది. చూసిన వాళ్లలో సగం మందికి బీపీ ఎక్కువగా ఉండేది. ఒకరోజు హజరాబీ ఇంట్లో దాహమై నీళ్లడిగింది. ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేసింది.

"రోజూ తాగేది ఈ నీళ్లేనా అమ్మా?"

"ఇయ్యే డాక్టరమ్మా. మా చిన్నప్పుడు బాయి నీళ్లు తియ్యంగా ఉండేటియ్యి. రొయ్యల గుంటలొచ్చినాక ఇట్టా ఉప్పగా అయినాయి. అలవాటైపోయినాది మాకు."

"నాలుక్కి అలవాటైంది. కడుపులో బిడ్డకు కాలేదు. ఈ ఉప్పుకే బీపీ ఎక్కుతోంది," అంది ఏంజెలిన్.

ఊరికీ సముద్రంలో కలిసే ఏటికీ మధ్య ఉన్న రొయ్యల గుంటలు ప్రమీలమ్మవి. భర్త పోయాక వాటిని ఆమే నడిపేది. ఏంజెలిన్ నేరుగా ఆమె ఇంటికి వెళ్లి విషయం చెప్పింది.

"నా గుంటల వల్లే ఆ పిల్లలు పోయినారంటావా?"

"మీ ఒక్కరివే కాదు. మీవి కూడా."

ఆ పంట పట్టేశాక ప్రమీలమ్మ మళ్లీ గుంటల్లో రొయ్య పిల్ల వదల్లేదు. భూమంతా ఊరికి రాసిచ్చి, అందులో వాననీళ్లు నిలిచే మంచినీళ్ల చెరువు తవ్విస్తానంది. చెరువు ఎలా కట్టాలో తనకు తెలియదు కాబట్టి తెలిసినవాళ్ల కోసం ఏడాదిపాటు తిరిగింది. నెల్లూరులో ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే భానుప్రియను పట్టుకొచ్చింది. బుచ్చిరెడ్డిపాలెం దగ్గర వరి పండించే పద్మనాభయ్యను, పుట్టినప్పటినుంచీ చెరువుకట్టల మీద తిరిగినవాడని విని, వద్దంటున్నా కారెక్కించుకొచ్చింది. ఒక లాయరు కాగితాలు చూశాడు. చెన్నైలో ఒక కంపెనీ వాళ్లు పంపు, ఫిల్టర్లు ఇచ్చారు. పల్లపు కాలనీలోని చేపలు పట్టేవాళ్లు మట్టి మోశారు. తాపీ పని చేసే సాదిక్ తూము కట్టాడు. ఏ ఇద్దరికీ ఒక పట్టాన మాట కుదిరేది కాదు. భానుప్రియ లెక్క చెబితే పద్మనాభయ్య తల అడ్డంగా ఊపేవాడు. పద్మనాభయ్య వాలు చూపిస్తే భానుప్రియ పరికరం పెట్టి కొలిచేది. అయినా చెరువు నిండింది. మొదటి వాననీళ్లతో ఉప్పు కడిగి పారబోసి, రెండో ఏడు నీళ్లు నిలబెట్టారు. ఆ వేసవిలో ఇర్ఫానాకు మళ్లీ నెల తప్పింది. ఈసారి బీపీ పెరగలేదు. ఏంజెలిన్ వచ్చినప్పుడల్లా బీపీ మిషను చూసి, హజరాబీ భుజం తట్టి వెళ్లేది.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. చెరువు నిండుగా ఉంది, ఇర్ఫానాకు ఏడో నెల.

రెండు రోజులు విడవకుండా వాన కురిసింది. పడమటి పొలాల మీద పడ్డ నీళ్లన్నీ ఏటికి పోవాలి. చెరువుకట్ట ఆ నీళ్ల దారికి అడ్డం వస్తుందని తెలిసి భానుప్రియ పక్కన ఒక కాలువ తవ్వించింది. సముద్రపు పోటుకు వచ్చిన ఇసుక, పైనుంచి కొట్టుకొచ్చిన సర్కారు తుమ్మ కంపలు కలిసి ఆ కాలువను మూసేశాయి. మూడో రోజు పొద్దునకు నీళ్లు కట్ట వెనకాల పల్లపు కాలనీలోకి ఎక్కాయి.

పద్మనాభయ్య, భానుప్రియ, ఏంజెలిన్ వాన మొదలవుతూనే వచ్చి బడిలో ఉన్నారు. అందరూ కట్ట మీదికి చేరారు. ఒక పక్క చెరువు నిండా తేటనీళ్లు. ఇంకో పక్క కాలనీలో కిటికీల దాకా మురుగునీళ్లు.

"కంపలు తీసేదానికి మిషను రావాల. రోడ్డు తెగింది, రాదు," అన్నాడు పద్మనాభయ్య. "కట్టకు కాలనీ పక్కొకటి, ఏటి పక్కొకటి గండి కొట్టాల. నీళ్లు చెరువులో పడి ఏట్లోకి పోతాయి."

"సాయంత్రం పోటు ఎక్కితే సముద్రం ఆ గండిలోంచే లోపలికొస్తుంది," అంది భానుప్రియ. "ఒక్కసారి వచ్చిందంటే ఇన్నేళ్ల పనీ పోయినట్టే."

అందరూ ప్రమీలమ్మ వైపు చూశారు. ఆమె గొడుగు మూసేసింది. "మనుషులుండే చోట ఇంకేం ఆలోచన? కొట్టండి."

అప్పుడే హజరాబీ వచ్చి, సాదిక్ గడ్డపార దించబోతున్న చోట కూర్చుంది.

"లే అమ్మా," అన్నాడు సాదిక్.

"లేవను. నీ పెళ్లానికి ఏడో నెల. ఈ నీళ్లు పోతే మళ్లీ ఖబరస్తానుకు నువ్వే పోవాల. పోతావా?"

సాదిక్ గడ్డపార పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పద్మనాభయ్య బతిమాలాడు. ప్రమీలమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. హజరాబీ చెయ్యి విడిపించుకుంది. "మీరు ఇచ్చినారు, మీరు తీసుకుంటుండారు. మధ్యలో మా కడుపులమ్మా పొయ్యేది," అంది. ఆ మాటకు ప్రమీలమ్మ తల తిప్పుకుంది.

కాలనీ నుంచి రోజా ఈదుకుంటూ, నడుచుకుంటూ కట్ట ఎక్కింది. చెరువు తవ్వేటప్పుడు హజరాబీ పక్కనే తట్ట మోసిన మనిషి. ఊపిరి అందడానికి కాసేపు పట్టింది.

"హజరక్కా, నువ్వెందుకు కూచోనుండావో నాకు తెలుసు. నిన్నేమనను. మా అత్త నడవలేదు. మంచమ్మింద పండుకోబెట్టి వచ్చినా. మంచం తేలతా ఉండాది."

హజరాబీ ఆమె వైపు చూడలేదు.

"నాకూ ఐదో నెల అక్కా. ఎవురికీ చెప్పలా. ఈ నీళ్లు పోతే నాకూ పోయినట్టే. అయినా అడగతా ఉండా. లే."

తడిచీర ఒంటికి అతుక్కుని రోజా పొట్ట కనిపిస్తోంది. హజరాబీ అప్పుడు చూసింది. నేల మీద చేతులు ఆనించి, మెల్లగా లేచి పక్కకు జరిగింది.

"తవ్వు రా," అంది కొడుకుతో.

గండి పడగానే నీళ్లు పెద్ద చప్పుడుతో చెరువులోకి దూకి, అవతలి గండిలోంచి ఏటిలోకి వెళ్లిపోయాయి. మధ్యాహ్నానికి కాలనీలో నేల కనిపించింది. పిల్లలు, ముసలివాళ్లు బడికి చేరారు. రోజా అత్తను మంచంతో సహా మోసుకొచ్చారు. ఏంజెలిన్ నాడి చూసి, చాలాసేపు చూసి, ముఖం మీద గుడ్డ కప్పింది. చలికి పోయిందో, భయానికి పోయిందో, ఎప్పుడు పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. తాను కట్ట మీద కూర్చున్న ఆ కాసేపట్లోనే పోయిందని హజరాబీకి అనిపించింది. ఎవరూ ఆ మాట అనలేదు. రోజా కూడా అనలేదు. అందుకే హజరాబీకి మరీ కష్టమైంది.

పోటు ఎక్కేలోపు ఏటివైపు గండి పూడ్చాలి. ఊరివాళ్లూ కాలనీవాళ్లూ అందరూ దిగారు. ఏంజెలిన్ చీర ఎగదోపి ఇసుక బస్తాలు అందించింది. భానుప్రియ ఎక్కడ వెయ్యాలో అరిచి చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకుంది. పద్మనాభయ్య నడుములోతు నీళ్లలో తాటి మొద్దులు పాతుతుంటే ప్రవాహం వాటిని పుల్లల్లా పెరికేసింది. వేసిన బస్తా వేసినట్టే కొట్టుకుపోయింది. రోజా మొగుడు, ఇంకో నలుగురూ వెళ్లి తమ పడవను లాక్కొచ్చారు. ఇల్లు పోయాక వాళ్లకు మిగిలింది ఆ పడవే. దాన్ని గండికి అడ్డంగా పెట్టి, ఇసుక నింపి ముంచేశారు.

పడవ నిలిచింది. నీళ్ల చప్పుడు తగ్గింది. అందరూ పిచ్చివాళ్లలాగా బస్తాలు మోశారు. ఇర్ఫానా కూడా వచ్చి బస్తా మూతులు కట్టసాగింది. హజరాబీ ఆమెను పొమ్మనలేదు.

పొద్దు వాలే వేళకు తూర్పు గాలి లేచింది. ఏరు వెనక్కి పారడం మొదలుపెట్టింది. మొదటి అల పడవను కదిపింది. రెండోది పక్కకు తిప్పింది. ఆ తర్వాత పడవ, బస్తాలు, తాటి మొద్దులు అన్నీ కలిసి చెరువులోకి వచ్చిపడ్డాయి. వాటి వెనకాలే సముద్రం వచ్చింది. జనం కట్ట మీద నిలబడి చూశారు. చీకటి పడేలోపు చెరువు మళ్లీ నిండింది. ప్రమీలమ్మ కిందికి దిగి దోసిట్లో నీళ్లు తీసుకుని నోట్లో పోసుకుంది. ఉమ్మేసి, అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది.

కొన్నాళ్లు ట్యాంకర్లు వచ్చాయి. తర్వాత రావడం మానేశాయి. పంపు ఇచ్చిన కంపెనీ వాళ్లు వచ్చి ఫొటోలు తీసుకుని, వచ్చే ఏడు చూద్దామన్నారు. ఊళ్లో మళ్లీ బావినీళ్లు తోడారు. ఇర్ఫానా కాళ్లు వాచాయి. ఏంజెలిన్ మిషను చూసి ఈసారి భుజం తట్టలేదు.

బడిలో అందరూ మళ్లీ కూర్చున్నారు. చెరువులో ఉప్పు కడగడానికి ఇంకా రెండు వానాకాలాలు కావాలంది భానుప్రియ. కాలువ ఇంకా వెడల్పుగా గీయాల్సిందని, ఆ తప్పు తనదేనని అంది.

"నా దగ్గర ఇంక ఇచ్చేదానికేమీ లేదు," అంది ప్రమీలమ్మ. "ఉండే ఇల్లొకటి ఉండాది. దాని బాయి కూడా ఉప్పే."

పద్మనాభయ్య ముందుకు జరిగాడు. "మా ఇంటికాడ పెన్న నీళ్లుండాయి. చెరువును ఇక్కడికి ఎత్తకరాలేం. మనిషిని అక్కడికి తీసుకపోదాం."

"ఎవర్ని?" అంది ఏంజెలిన్.

"ముందు ఈ ఇర్ఫానా పిల్లని. కాన్పయ్యేదాకా మా ఇంట్లో ఉంటాది. మా ఆడమనిషికి చెప్పుకుంటాలే."

పద్మనాభయ్య భార్య వెంకటశేషమ్మకు మడి, ఆచారం ఎక్కువ. ఇర్ఫానాను, హజరాబీని గుమ్మంలో చూసి భర్త మీద కోపంగా ఏదో గొణిగింది. మొదటి వారం వాళ్లకు వంట వేరే చేసుకోమని వసారాలో పొయ్యి పెట్టించింది. రెండో వారం ఇర్ఫానా కళ్లు తిరిగి పడిపోతే, ఎత్తి ఒళ్లో పెట్టుకుని తన గ్లాసుతోనే నీళ్లు తాగించింది. ఆ తర్వాత వసారా పొయ్యి వెలిగించలేదు.

నెలలు నిండకుండానే నెల్లూరులో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. మోచేతి పొడుగు కూడా లేని పిల్ల. చాలా రోజులు గాజుపెట్టెలో ఉంచారు. బతుకుతుందని డాక్టర్లు గట్టిగా చెప్పలేదు. హజరాబీ రోజూ అద్దం బయట నిలబడి ఆ పిల్ల పొట్ట ఎగిరిపడటం చూసేది. ఒకరోజు పిల్లను బయటికి తెచ్చి ఇర్ఫానా చేతుల్లో పెట్టారు. సాదిక్ తీసుకోవడానికి చెయ్యి చాపి, భయపడి వెనక్కి తీసుకున్నాడు.

హజరాబీ ఆ సంతోషంలో ఎక్కువసేపు ఉండలేకపోయింది. ఏంజెలిన్‌ను పక్కకు పిలిచి రోజా సంగతి అడిగింది.

"ఎనిమిదో నెల పడింది. బీపీ ఎక్కుతోంది. ఊళ్లో ఇంకో ఇద్దరున్నారు అట్లాగే."

"పద్మనాభయ్య గారింట్లో?"

"ఆయన ఇల్లు చిన్నదమ్మా. ఒక మనిషికే కష్టపడ్డారు."

మర్నాడు హజరాబీ వెంకటశేషమ్మను వెంటబెట్టుకుని పద్మనాభయ్య ఊళ్లో ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. కాన్పయ్యేదాకా ఒక మనిషికి చోటు, తాగడానికి నీళ్లు, అంతే అడిగారు. మొదటి ఇంట్లో కోడలు ఒప్పుకోదన్నారు. రెండో ఇంట్లో కాఫీ ఇచ్చి, ఏ కులమని అడిగి, చేపలు పట్టేవాళ్లని తెలిశాక మాట మార్చారు. ఇంకో ఇంటాయన ప్రభుత్వం ఏం చేస్తుండాదని అడిగాడు. వెంకటశేషమ్మ ముఖం ఎర్రబడింది. రెండు నెలల కిందట తానూ ఇలాగే మాట్లాడేదాన్నని దారిలో అంది. హజరాబీకి రోజా అత్త మంచం గుర్తొస్తోంది.

వీధి చివర ఇంట్లో ఒక ఆమె బియ్యం చెరుగుతూ అంతా విన్నది. చేట పక్కన పెట్టింది.

"మా ఆయన పొలం నుంచి రానీండి. అడిగి చెప్తా. పొద్దు పోతాది మీకు, రేపు రండి."

"అడుగమ్మా," అంది హజరాబీ. "ఆయన వచ్చేదాకా ఉంటాం."

అరుగు మీద ఇద్దరూ కూర్చున్నారు. లోపల ఆమె పొయ్యి మీద ఎసరు పెట్టిన చప్పుడు వినిపించింది. వీధిలో ఏ సైకిలు అలికిడైనా హజరాబీ తలెత్తి చూస్తోంది.