తలంటు పోసిన బ్యాటరీ

ఆ రోజు ఆ బెంగాలీల ఊళ్లో, ఆ తెలుగు ఇంట్లో ఉన్నది నలుగురు: కూర్మయ్య, అతని తల్లి తవిటమ్మ, కూతురు అమ్ములు, గుమ్మం పక్కన చాప మీద కొత్త బ్యాటరీ. దాన్నీ మనిషి కిందే లెక్క కట్టుకోవాలి, అన్నం పెట్టేది అదే మరి. పొగ లేని బండి మీద ఆశతో కూర్మయ్య పాత గ్యాసు ఆటోని తుక్కుకి ఇచ్చేశాడు. ఈ కరెంటు ఆటోకి బ్యాటరీ మాత్రం కంపెనీది, అద్దెకిచ్చింది. నీళ్లు తగిలి చెడితే మరొకటి ఇవ్వరు.

నిన్న విశ్వకర్మ పూజ, బళ్లకీ పనిముట్లకీ చేసే పండగ. ఈ పొద్దున బ్యాటరీ ఉలకదు, పలకదు.

కంపెనీ నుంచి వచ్చిన మనోహర్ మూత విప్పుతుంటే కూర్మయ్య బెంగాలీలో ఒట్టు పెట్టుకున్నాడు.

"అమ్మ తోడు దాదా, చుక్క నీరు తగల్లేదు."

అతనికి నిజంగానే తెలియదు. తెలిసిన అమ్ములు తలుపు చాటుకి జరిగింది. పల్లెటూరి బడి నుంచి ఏడాది కిందట వచ్చిన పిల్ల, నోట్లో నాలుక లేదు.

తవిటమ్మకి బెంగాలీ ముక్క రాదు. "ఏటిరా, ఆడు అలగ సూత్తన్నాడు? పూజ సెయ్యనేదనేటి? మన అమ్ములు పసుపునీళ్లతోటి తలంటు పోసినాది, పాత ఆటోకి పోసినట్టే. సెప్పు ఆడికి!"

కూర్మయ్యకి అప్పుడు తెలిసింది. "అమ్మకి ఒంట్లో బాగాలేదంట దాదా," అని బెంగాలీలో దాటేశాడు.

మనోహర్ స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "మాది టెక్కలి, మామ్మా," అన్నాడు తెలుగులో. "మా ఇంట్లోనూ బండికి పసుపునీళ్లే."

"ఓలమ్మ, మనోడే! అమ్ములూ, టీ ఎట్టే!"

టీ ఎవరూ పెట్టలేదు. మూత కింద పచ్చటి తడి మెరుస్తోంది. మనోహర్ ఫోటో తీసి కంపెనీకి పంపి, బ్యాటరీని వ్యానులోకి ఎక్కించాడు. కూర్మయ్య గుమ్మంలో కూలబడ్డాడు. కూతుర్ని తిట్టినా బాగుండేది. అమ్ములు చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తి వ్యాను తలుపు పట్టుకుంది.

"అన్నా, నానే పోసినాను. నాన్నకి తెల్దు. పాత బండి తుక్కైపోనాదన్నా, ఇంక రాదు. ఇదీ అట్టుకుపోతే మేమేటి తినాల? మనోడివి కదన్నా నువ్వు. ఆ ఫోటో సెరిపియ్యన్నా!"

బయటి మనిషితో ఆమె అన్ని మాటలు ఆడటం అదే మొదలు. మనోహర్ చివరిదాకా విన్నాడు.

"అది ఎల్లిపోనాదమ్మా," అన్నాడు, ఆమె కళ్లలోకి చూడకుండా.

తరవాత, నలిగిపోతాయని కాబోలు, ఆమె వేళ్లని ఒక్కొక్కటిగా విడదీసి, తలుపు వేసేశాడు.