చూపులమ్మ పేరు పైకెళ్లిన సంగతి

పొద్దున తొమ్మిదయ్యేసరికి వేధశాల వెనకగదిలో ఆ ఇద్దరూ బల్లకి చెరో పక్కన కూర్చునేవారు. టెలిస్కోపుతో ఆకాశాన్ని ఫొటో తీసిన గాజుపలకల మీద భూతద్దం పెట్టి ఒకామె చూసి అంకెలు చెప్పేది. రెండో ఆమె, రాతలమ్మ, రాసుకునేది. నక్షత్రాలు చుక్కల్లా పడతాయి. అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే గ్రహశకలాలు కదులుతాయి కనక సన్నటి గీతల్లా పడతాయి. ఆ గీతల వేటలో ఇరవై రెండేళ్లు ఇట్టే గడిచిపోయాయి. ఎంత మంచి రోజులవి! చూసే ఆమెని ఇప్పుడందరూ చూపులమ్మ అంటారు గానీ, అప్పట్లో ఆమెకి సొంత పేరుండేది. పలక మార్చిన ప్రతిసారీ రాతలమ్మ ఆ పేరు పెట్టి పిలిచి, "ఊఁ, కానీ" అనేది.

అక్కడ ఎవరి పేరైనా ఆకాశంలో తిరిగే ఇలాంటి రాయికి పెడితే ఆ పేరు పైకెళ్లిపోతుంది. ఇక కింద ఎవరి నోటా పలకదు, ఏ కాగితం మీదా నిలవదు. వేధశాల వంటాయన పేరు ఎప్పుడో వెళ్లింది. చుట్టాల ఉత్తరాల బెడద తప్పిందని ఆయన లోలోపల సంతోషించాడు కూడా.

ఒక సోమవారం చూపులమ్మకి బదిలీ కాగితం వచ్చింది. ఒకటో తారీకుకల్లా రెండు రోజుల రైలు దూరంలో ఉన్న ఆఫీసులో చేరాలట. అక్కడ టెలిస్కోపూ లేదు, రాతలమ్మా లేదు. ఆమె గుండెల్లో రాయి పడింది.

వేధశాల అధికారి పెద్దాయన బీరువాలోంచి పాత కవరొకటి తీశాడు.

"పన్నెండేళ్ల కిందట మీరిద్దరూ పట్టిన రాయి కాగితాలివి. దానికింకా పేరు పెట్టలేదు. పేరే లేని మనిషిని ఎలా బదిలీ చేస్తారో నేనూ చూస్తా. కాకపోతే ఎవరి పేరు వాళ్లు పెట్టుకోకూడదు, రాతలమ్మే రాయాలి. ఒకసారి పైకెళ్తే మళ్లీ దిగిరాదమ్మా, ఆలోచించుకోండి."

రాతలమ్మ ససేమిరా అంది. "నా చేత్తో నేనే రాసి పంపించాలా? రేపట్నుంచి నిన్నేమని పిలవనే?"

"ఏదో ఒకటి పిలువు. ముందు పిలవడానికి నేనుండాలిగా!"

"మీ నాన్న ముచ్చటపడి పెట్టుకున్న పేరే అది."

"పైన తిరుగుతుంటే ఆయనకి మాత్రం చేదా?"

పేరు పదహారు అక్షరాలు దాటకూడదని నియమం. ఆమెది మూడే అక్షరాలు. అవి రాయడానికి రాతలమ్మకి పూటంతా పట్టింది.

చూపులమ్మ రైలెక్కాల్సిన రోజు మధ్యాహ్నం, రాళ్లకి పేర్లు ఖాయం చేసే సంఘం నుంచి ఆమోదం వచ్చింది. పెద్దాయన బదిలీ కాగితం తీసి చూస్తే, పేరుండాల్సిన చోట తెల్లగా ఉంది. "ఎవరికో తెలియడం లేదు" అని రాసి తిప్పి పంపేశాడు. పైఆఫీసు వాళ్లు కూడా, "ఓహో, పేరు పైకెళ్లిపోయిందా" అని ఊరుకున్నారు.

ఆమోదం వచ్చిన మర్నాడు తొమ్మిదింటికి రాతలమ్మ కొత్త పలక పెట్టింది. కలం పట్టుకుని నోరు తెరిచింది. పెదాలు కదిలాయి గానీ ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి.

"ఆఁ, ఇక్కడే ఉన్నానే. రాసుకో," అంది చూపులమ్మ, భూతద్దం మీంచి తలెత్తకుండానే.