మే నెలలో స్వెట్టరు

ఎండ.

ఉప్పల్ రింగురోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకునే ఎండ. బస్టాపులో జనం కరెంటు స్తంభం నీడలో ఒకరి వెనక ఒకరు నిలబడే ఎండ.

ఆ ఎండలో సంతోషి స్వెట్టరు వేసుకుని నిలబడింది. మెడకు స్కార్ఫు.

చలి... ఎముకల్లోంచి వచ్చే చలి. చూసినవాళ్లు నవ్వారు. నవ్వడానికేం, ఎవరైనా నవ్వుతారు.

నాచారంలో పరంధామయ్యకు లారీల ఆఫీసు ఉంది. అక్కడ ఫోనెత్తే పని సంతోషిది. ఏ లారీ ఎక్కడుంది, ఏ సరుకు ఎప్పుడు దిగుతుంది — అన్నీ ఆమె నోటి నుంచే రావాలి. బూతులతో మొదలుపెట్టిన డ్రైవర్లు ఆమె గొంతు వినగానే దారికొచ్చేవారు. "అక్కా, జర సూడవా" అని బతిమాలేవారు. పదో తరగతి చదివిన మనిషికి ఆ కుర్చీ ఇప్పించింది గొంతే.

ఆ గొంతు పోతోంది.

ముందు జలుబన్నారు. తర్వాత బొంగురు పోయిందన్నారు. ఒకరోజు సూర్యాపేట నుంచి ఫోన్ చేసిన డ్రైవరు, "అన్నా, సంతోషక్కకు ఇయ్యే" అన్నాడు. ఆమె రిసీవరు బల్లమీద పెట్టింది. కాసేపాగి మళ్లీ ఎత్తి, అదే గొంతుతో, తనే మాట్లాడుతున్నానని చెప్పింది.

జుట్టు దువ్వెనకు వస్తోంది. తినేది పిడికెడు, ఒళ్లు మాత్రం ఉబ్బుతోంది. నెలసరి వస్తే ఓ పట్టాన ఆగదు. పొద్దున లేవడమంటే యుద్ధమే.

భువనగిరి అవతల అత్తగారి ఊరికి పోతే చుట్టాలంతా సంబరపడ్డారు. పిల్లకు పట్నం నీళ్లు పడ్డాయన్నారు. ఉబ్బిన ముఖానికి దిష్టి కూడా తీశారు. ఆ ఊళ్లో ఒళ్లు చేయడమంటే సుఖపడటం. సుఖపడే కోడలు పొద్దెక్కేదాకా పడుకుంటే, దాన్ని బద్ధకమంటారు. అత్త దుర్గమ్మ అదే మాట అంది. వాడకట్టంతా పంచి వచ్చింది.

ఇక డాక్టర్లు.

అబ్బో... డాక్టర్లు.

సంతోషి దవాఖానాకు ఒంటరిగా పోదు. ఆ ఇంట్లో ఆడవాళ్ల రోగం మగవాళ్లు చెప్పడం రివాజు. ఆమె స్టూలు మీద కూర్చుంటుంది. భర్త బాలరాజు పక్కన నిలబడి చెబుతాడు.

"జర నీరసం సార్."

అంతే. అతని పురాణమంతా ఆ రెండు ముక్కలే. బాలరాజు చెడ్డవాడేం కాదు. కంపెనీలో మిషను చప్పుడు మారితే చెవి పెట్టి, ఎక్కడ అరిగిందో చెప్పేస్తాడు. పెళ్లాం గొంతు మారితే మాత్రం జలుబు.

ఉప్పల్ డాక్టరు బాలరాజునే అడిగాడు, బాలరాజుకే చెప్పాడు. రక్తం తక్కువట. ఎర్ర గోలీలు రాశాడు. నాచారం డాక్టరు గ్లూకోజు ఎక్కించి, అది అయిపోయేదాకా పక్క గదిలో క్రికెట్ చూశాడు. మౌలాలి దగ్గర నర్సింగ్ హోమ్‌లో పెద్ద డాక్టరు టెన్షన్ అన్నాడు. ఎండాకాలంలో మెడకు ఆ గుడ్డేమిటని అడగలేదు. ఆడవాళ్లు సీరియళ్లు తగ్గించాలని బాలరాజుకు సలహా ఇచ్చాడు. మగవాళ్లిద్దరూ నవ్వుకున్నారు.

సీరియళ్లు!

కళ్లు తెరిచి కూర్చోవడమే గగనమైన మనిషికి సీరియళ్లు. గోడనిండా పటాలు కట్టించుకున్న డిగ్రీలు — ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం చూడటానికి ఒక్కటీ అక్కరకు రాలేదు.

వానలు వచ్చాయి, పోయాయి. తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. లారీలూ తగ్గాయి. తీరిక దొరికిన పరంధామయ్యకు సంతోషి గొంతు వినిపించింది. ఆ గొంతుకు కాస్త విశ్రాంతి ఇమ్మన్నాడు, లోపల పార్సిళ్ల దగ్గర కూర్చోమన్నాడు. దీపావళిలోపు బాగైతే కుర్చీ నీదే, లేకుంటే లేదు అన్నాడు. ఎంత దయగల మనిషి! మర్నాడే ఆ కుర్చీలో ఆయన మేనకోడలు గౌతమి కూర్చుంది.

పని నేర్పాల్సింది సంతోషే. నేర్పింది... ఆగి ఆగి, బొంగురుగా. గౌతమి ఆమెనే చూస్తూ విన్నది.

"మా అమ్మకు సుత గొంతు గిట్లనే అయింది అక్కా. థైరాయిడ్ అన్నరు. నువ్వు పరీక్ష జేయించుకున్నవా?"

సంతోషి స్కార్ఫు కింద చెయ్యి పెట్టి చూసుకుంది. వాపు మెత్తగా, నిండుగా తగిలింది. నెలల నుంచి తగులుతూనే ఉంది. పట్నం నీళ్లే అనుకుంది తనూ.

బాలరాజుకు చెప్పలేదు. చెబితే అతను డాక్టరుకు చెబుతాడు. డాక్టరు అతనికి చెబుతాడు. తను మాత్రం స్టూలు మీద ఉంటుంది.

బస్సుల్లేక ఉప్పల్‌లో ల్యాబు దాకా నడిచింది. కూర్చుంటూ... లేస్తూ... మళ్లీ కూర్చుంటూ. ఏ డాక్టరు పంపాడని ల్యాబులో అడిగారు.

"ఎవ్వరు పంపలే. నేనే వచ్చిన."

రక్తం తీసుకున్నారు. సాయంత్రం రమ్మన్నారు. ఆమె ఎక్కడికీ పోలేదు, అక్కడే బెంచీ మీద కూర్చుంది.

భయమేసింది. రోగం ఉంటుందని కాదు — ఉండదేమోనని. లేకపోతే దుర్గమ్మ మాటే నిజమవుతుంది. లేకపోతే ఆమె నిజంగానే బద్ధకస్తురాలవుతుంది. రోగం ఉండాలని ఎల్లమ్మకు మొక్కుకుంది. ఒక మనిషిని ఆ మొక్కు దాకా తెచ్చినందుకు ముగ్గురు డాక్టర్లకూ శాలువాలు కప్పాలి.

ఉంది.

కాగితంలో థైరాయిడ్ అంకె ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉంది. కాగితం ఇస్తున్న అమ్మాయి పాపం అన్నట్టు చూసింది. సంతోషికి మాత్రం ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. సిగ్గులేని ఆనందం. తను నటించలేదు, ఇన్నాళ్లూ నిజంగానే మోయలేక మోసింది.

ఆ రాత్రి కాగితం బాలరాజు చేతిలో పెట్టింది. మర్నాడు ఉప్పల్ డాక్టరు దగ్గర మళ్లీ అదే స్టూలు. పక్కన బాలరాజు. డాక్టరు రిపోర్టు చూశాడు. కళ్లజోడు సవరించుకుని మళ్లీ చూశాడు. తర్వాత బాలరాజు వైపు తిరిగి కసురుకున్నాడు.

"ఇంత ముదిరేదాకా చెప్పకుంటే ఎట్లయ్యా?"

చెప్పకుంటే!

బాలరాజు గొంతు సవరించుకున్నాడు. చేతులు కట్టుకుని, ఎప్పటిలా, మొదలుపెట్టబోయాడు. సంతోషి అతని మోచేయి పట్టుకుని ఆపింది.

"నన్నడుగు సార్."

గదిలో మూడో మగగొంతు ఎక్కడిదా అని డాక్టరు తలెత్తాడు. ఆమెను చూశాడు. ఇన్నాళ్లకు చూశాడు. ఏం తోచిందో, గబగబా చీటీ ముందుకు లాక్కుని పెన్ను మూత తీశాడు.

"రాసుడు తర్వాత సార్. ముందు ఇను."

పెన్ను ఆగింది. బయట బెంచీల మీద జనం దగ్గుతున్నారు. ఆమె మొదటి నుంచి మొదలుపెట్టింది, ఆగి ఆగి, తొందర లేకుండా.